మోరీ లేని గల్లీ

జనవరి 4

ఇవాళ ఆన్‌లైన్ క్లాసులో అందరి ముందూ తరుణ్ సార్ నా పరువు తీశాడు. పచ్చ తెర ముందు తీసిన అమ్మాయిని తెర నుంచి విడదీసి సముద్రం ఒడ్డున నిలబెట్టాలి, అదీ హోంవర్కు. నిలబెట్టాను. "స్నిగ్ధా, జుట్టు చివర్లు చూడు, ఇంకా పచ్చగా కొడుతున్నాయి. ఈ అమ్మాయి సముద్రం దగ్గర లేదు, పచ్చ గుడ్డ దగ్గరే ఉంది" అన్నాడు. ఒళ్ళు మండింది. సాయంత్రం దాకా ఒక్కో వెంట్రుకా పట్టుకుని సరిచేశాను. సరిచేశాక చూస్తే ఆయన అన్నది నిజమే.

ఈ నెలాఖరుకు షోరీల్ పంపాలి. నేను చేసిన షాట్లలో మంచివి ఏరి కలిపిన ఒక నిమిషం వీడియో. నచ్చితే తరుణ్ సార్ వాళ్ళ స్టూడియోలో కంపోజిటింగ్‌కు, అంటే విడివిడిగా తీసినవాటిని ఒకే షాట్‌లో కలిపే పనికి, ట్రైనీగా తీసుకుంటారు. అంటే హైదరాబాద్. అంటే సినిమా. సినిమా అయిపోయి జనం చెప్పులు వెతుక్కుంటూ లేస్తుంటే తెర మీద సన్నటి అక్షరాలు పరుగెడతాయే, అందులో ఎక్కడో నా పేరు. నాకు అది చాలు.

డాడీ ఒప్పుకున్నాడు. రెండేళ్ళు బతిమాలితే ఒప్పుకున్నాడు. "నా ఎలక్షన్ గానీ బిడ్డా, నిన్ను నేనే కార్ల ఎక్కించుకపోయి దించొస్త" అన్నాడు. ఈసారి మా వార్డుకు కౌన్సిలర్‌గా నిలబడతాడట. శంకరంపేట పొలం కౌలుకిచ్చి మెదక్‌లో ఎరువుల దుకాణం పెట్టిన రోజు నుంచీ ఆయనకు ఇదొక్కటే యావ. నిలబడనీ. గెలవనీ. నన్ను దించి రానీ.

జనవరి 17

మా వార్డు మహిళలకు రిజర్వ్ అయింది. డాడీ అన్నం తినలేదు.

జనవరి 18

ఇవాళ కూడా తినడేమో అనుకున్నాను. పరమేశన్న వచ్చాక డాడీ తిన్నాడు. పరమేశన్న డాడీ మనిషి. బండి నడుపుతాడు, ఫోన్లో వీడియోలు తీస్తాడు, డాడీ నవ్వితే నవ్వుతాడు.

"గింతదానికే పరేషాన్ ఎందుకన్నా? వదినెను నిలబెడుదం. పేరు వదినెది, పని నీది. అందరు గట్లనే జేస్తున్నరు" అన్నాడు.

అమ్మ వంటింట్లోంచి బయటికైనా రాలేదు. "నేను గవర్నమెంట్ టీచర్ను. నిలబడాల్నంటె నౌకరి ఇడవాలె. ఇడువమంటరా?" అంది. ఇడువమని ఎవరూ అనలేదు. ఆ మాట అమ్మ ఎంత తొందరగా అందో! ఎప్పట్నుంచో నాలుక కింద దాచిపెట్టుకున్నట్టే అంది.

నేను కంచం ముందు పెట్టుకుని పప్పు కలుపుకుంటున్నాను. పరమేశన్న నన్ను చూశాడు. డాడీ పరమేశన్నను చూసి, ఆ తర్వాత నన్ను చూశాడు.

"స్నిగ్ధకు ఎన్నేండ్లు నిండినయ్?" అని అడిగాడు. నన్ను కాదు, అమ్మను.

జనవరి 19

ఇరవై ఒకటి నిండితే చాలట. నాకు ఇరవై మూడు.

జనవరి 21

పొద్దున కొట్లాడాను. కొట్లాడాననే అనుకుంటున్నాను. నిజానికి నేను అరిచాను, డాడీ నవ్వాడు.

"నేను హైదరాబాద్ పోవాలె డాడీ."

"పోతవ్. ఎవలు ఒద్దన్నరు? నామినేషన్ ఏస్తవ్, నాలుగు దినాలు చేతులు జోడిస్తవ్, పోతవ్."

"గెలిస్తే?"

"గెలిస్తె నేను లేనా? నువ్వు పోతవ్, నేను సూసుకుంట."

"ఓడితే?"

"ఓడితె ఇంక మంచిగ పోతవ్."

ఇంకేం అడగాలి? ఎటు చూసినా తలుపు తెరిచే ఉంది. మరి నాకెందుకు ఊపిరాడటం లేదు? మధ్యాహ్నం మేడ మీద గదిలో కిటికీ తీసి కూర్చున్నాను. ఎదురుగా ట్రాన్స్‌ఫార్మర్, దాని వెనక ఎవరిదో గోడ. తీసినా ఒకటే, మూసినా ఒకటే.

అయినా గెలిచేది లేదు. పార్టీ వాళ్ళు డాడీకి చెయ్యిచ్చి టికెట్ యాదలక్ష్మికి ఇచ్చారు. యాదలక్ష్మి పోయినసారి కొద్దిలో ఓడిపోయింది, అప్పట్నుంచీ ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంది. నన్ను ఈ వార్డులో ఎవరు చూశారు? కాలేజీకి పోయాను, గదిలో కూర్చున్నాను. ఇండిపెండెంట్‌గా వేసి పరువు పోగొట్టుకుని హాయిగా బస్సెక్కుతాను.

జనవరి 22

నామినేషన్ వేశాను. డాడీ పక్కనే నిలబడి ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించాడు.

జనవరి 23

ఫ్లెక్సీ వచ్చింది. డాడీ బొమ్మ నా బొమ్మకు రెండింతలుంది. కింద "మీ ఇంటి ఆడబిడ్డ" అని. ఫ్లెక్సీ షాపువాడు నా ఫోటోను కత్తిరించేటప్పుడు చెవి సగం కోసేశాడు, జుట్టు చుట్టూ తెల్లటి గీత వదిలేశాడు. ఒక చెవితో ఓట్లడిగే ఆడబిడ్డ! ఓడిపోవడానికి ఇంతకంటే మంచి ఫ్లెక్సీ దొరకదు, వదిలేయాల్సింది.

వదల్లేకపోయాను. ఫైలు తెప్పించి చెవి అతికించి, జుట్టు సరిచేసి, డాడీ మొహం మీద వెలుగు, నా మొహం మీద వెలుగు ఒకే వైపు నుంచి పడేట్టు చేశాను. డాడీ దాన్ని చూసి "అబ్బా! ఏం జేసినవ్ బిడ్డా" అన్నాడు. నా పని చూసి డాడీ ఆ మాట అనడం ఇదే మొదటిసారి. దరిద్రం, సంతోషమేసింది.

జనవరి 24

పొద్దున ఒక్క గల్లీ తిరిగాను. బొట్టు పెట్టారు, హారతి ఇచ్చారు, ఎవరిదో చంటిపిల్లను చేతిలో పెట్టారు, అది నా మీద పోసింది. ఇంటికొచ్చేసరికి ఒంటిగంట. షోరీల్‌లో ఇప్పటికి రెండే షాట్లు. నెలాఖరు ముంచుకొస్తోంది. తిరగడం నా వల్ల కాదు.

ఆలోచన నాదే. డాడీది కాదు, పరమేశన్నది కాదు, నాదే.

"నేను గల్లీలు తిరగను డాడీ. పరమేశన్న తిరిగి వీడియోలు తీసుకరానీ. నన్ను అందులో నేనే పెట్టుకుంటా. వాట్సాప్‌లో రోజుకో గల్లీ. చూసినోళ్ళకు నేను వచ్చినట్టే ఉంటది" అన్నాను. డాడీకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

సాయంత్రం మేడ మీద గోడకు అమ్మ పచ్చ పట్టుచీర కట్టాం. దాని ముందు నేను పసుపుపచ్చ చీర కట్టుకుని దండం పెట్టాను, నవ్వాను, తల వంచాను, నాలుగు అడుగులు వేశాను. లాప్‌టాప్‌లో వేసి పచ్చను తీసేయగానే పరమేశన్న కెవ్వుమన్నాడు. నా భుజం నుంచి నడుము దాకా ఒక పట్టీ లేదు. చీర అంచు చిలకపచ్చ! తెరతో పాటే అదీ పోయింది. "చెల్లె రెండు తునకలైంది" అని పరమేశన్న ఇల్లంతా చెప్పాడు. అమ్మ కూడా నవ్వింది. ఈ వారంలో మా ఇంట్లో అందరం కలిసి నవ్వింది అప్పుడే. చీర మార్చి మళ్ళీ తీశాం.

పరమేశన్నకు ఒకటే చెప్పాను: "ఏ గల్లీకి పోయినా నీ నీడ ఎటు పడుతుందో చూసి చెప్పు."

"నా నీడతోని నీకేం పని చెల్లె?"

ఉంది. వెలుగు కలవకపోతే అంతా అబద్ధమని తెలిసిపోతుంది.

జనవరి 27

మూడు గల్లీలు పోయాయి గ్రూపుల్లోకి. ఒక్కరంటే ఒక్కరు అనుమానపడలేదు. పైగా ఫోన్లు! "మా ఇంటిదాంక ఒచ్చినవట గద స్నిగ్ధా, నేను దవాఖానకు పోయి ఉంటి, జర చెప్పి రావద్దా" అని ఒకావిడ నిష్ఠూరమాడింది. ఆమెకు సారీ చెప్పాను. రాని దానికి సారీ.

ఒప్పుకోవాలి, పని బాగుంది. ఫోన్ వీడియో ఊగుతుంటే నన్నూ దానితో పాటే ఊగేట్టు కట్టేయాలి, లేకపోతే నేల మీద నా కాళ్ళు జారుతుంటాయి. నిన్న ఒక షాట్‌లో నా ముందు నుంచి మేక వెళ్ళింది. మేకను ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ గీత గీసి ముందుకు తెచ్చాను, నేను దాని వెనక పడ్డాను. ఎంత బాగా వచ్చిందో!

డాడీ ఆ మేక వీడియో పదిసార్లు చూశాడు. చూసి, "నువ్వు హైదరాబాద్ పోయి ఇంకేం నేర్సుకుంటవ్ బిడ్డా? అంత నీకే ఒచ్చె. గీడనే మస్తు పని ఉన్నది" అన్నాడు.

బాగా చేస్తే ఉండిపొమ్మంటాడు. బాగా చేయకపోతే స్టూడియో రమ్మనదు. ఈ వారం ఒక్కటే. ఈ వారం గడిస్తే అయిపోతుంది.

ఎన్నికల గుర్తుగా నాకు కుట్టుమిషన్ ఇచ్చారు. జన్మలో గుండీ కుట్టి ఎరగను.

జనవరి 29

కుమ్మరి గల్లీ. పరమేశన్న ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని వచ్చాడు.

వీడియోలో గల్లీ పొడుగునా మోరీ. ఎక్కడో పూడుకుపోయి, పొంగి, నల్లటి మురుగునీళ్ళు గడపల దాకా. పరమేశన్న రాయి మీంచి రాయికి దూకుతూ తీశాడు, బొమ్మ కోతిలా ఎగురుతోంది. చివర్లో ఒక గడప మీద ముసలమ్మ. పేరు బాలనర్సమ్మ అట. ఒక కాలు మడిచి, ఒక కాలు నీళ్ళకు కొంచెం పైన వేలాడేసి కూర్చుంది. పరమేశన్న చెప్పినట్టున్నాడు, ఫోన్‌కు దండం పెట్టింది. నన్ను ఆమె ఎదురుగా నిలబెట్టాలి. ఆమె ఎదురుగా ఉన్నది మోరీయే.

"గా మోరీ తీసెయ్ బిడ్డా, గలీజ్‌గున్నది" అన్నాడు డాడీ.

"తీసేస్తే ఆ గల్లీవాళ్ళకు తెల్వదా?"

"తెలిస్తె తెల్వనీ. సూడనీకి మంచిగుంటది."

వద్దనాలి. నేను వద్దనలేదు. ఎందుకంటే క్లీనప్ షాట్ నా షోరీల్‌లో లేదు. సీన్‌లో అక్కర్లేనిదాన్ని, అది ఉన్న జాడ కూడా లేకుండా తుడిచేయడం. అన్ని స్టూడియోలూ మొదట అడిగేది అదే.

జనవరి 30

మోరీ తుడుస్తున్నాను.

జనవరి 31

అదే గల్లీ చివర ఒక చోట పొడి నేల ఉంది. ఆ నేలను తెచ్చి నల్లనీళ్ళ మీద పరిచాను. నీళ్ళలో కరెంటు తీగ నీడ ఆడుతుంటుంది, దాన్ని తీశాను. పగిలిన రాతిపలక, దానికి చిక్కుకున్న పాల కవర్లు, ఒక పిల్లల చెప్పు, అన్నీ తీశాను. కష్టమంతా బాలనర్సమ్మ కాలితోనే. దోమలు కుడుతున్నాయేమో, ఊరికే ఆడిస్తూ ఉంటుంది. ఆ పాదం చుట్టూ ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ గీత గీస్తూ రెండు రోజులు కూర్చున్నాను. మడమ పగుళ్ళు, వంకర చిటికెన వేలు, వెండి కడియం. ఆమె మొహం కంటే పాదం నాకు బాగా తెలుసు.

మధ్యాహ్నానికి అయిపోయింది. గల్లీ పొడిగా, ఎర్రమట్టితో, ముచ్చటగా ఉంది. నేను దండం పెడుతూ నిలబడ్డాను. ఏదో తేడా. రెండోసారి చూస్తే దొరికింది. నాకు నీడ లేదు.

అలాగే వదిలేస్తే? యాదలక్ష్మి వైపు కుర్రాళ్ళు ఊరుకోరు, పట్టుకుంటారు, గ్రూపుల్లో నవ్వుకుంటారు. నీడ లేని అభ్యర్థి అంటారు. ఓడిపోతాను. వెళ్ళిపోతాను. మౌస్ మీంచి చెయ్యి తీసేసి చాలాసేపు కూర్చున్నాను. అమ్మ టీ తెచ్చిపెట్టింది, చల్లారింది.

తర్వాత నీడ వేశాను. ఎడమ పక్కకు, ముసలమ్మ నీడ పడ్డట్టే. తప్పు కళ్ళ ముందు కనిపిస్తుంటే వదిలేయడం నాకు చేతకాదు. అయినా షోరీల్‌కు కావాలి కదా. షోరీల్ కోసమే వేశాను.

గ్రూపులోకి డాడీ పంపాడు. స్టూడియోకు నేను పంపాను.

ఫిబ్రవరి 3

బాలనర్సమ్మ మా ఇంటికొచ్చింది.

నేను కిందికి దిగేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది, కట్టె పక్కన పెట్టుకుని. మొహం చూసి కాదు, కాలు చూసి గుర్తుపట్టాను.

"పటేల్ బిడ్డవు నువ్వేనా?"

"అవును అవ్వా."

"ఫోన్ల సూశిన బిడ్డా. మా మన్మరాలు సూపెట్టింది. మోరీ లేకుంట మా గల్లీ ఎంత మంచిగున్నదే! నేను లగ్గమై ఒచ్చినకాడికెళ్ళి గట్ల సూడలే." ఆగి నా మొహంలోకి చూసింది. "నువ్వొచ్చినవ్ గద, నా ముంగట నిలవడ్డవ్ గద. ఫోన్ల జేసినట్టు నిజంగ జేస్తవా?"

డాడీ గబగబా బయటికొచ్చాడు. "చేస్తం అవ్వా, ఎందుకు చెయ్యం? గెలిచినంక మొదటి పని గదే."

ఆమె డాడీ వైపు చూడనైనా లేదు. "నిన్నడుగుతలేను పటేలా, నీ బిడ్డనడుగుతున్న" అంది.

తల ఊపాను.

ఆమె కట్టె పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. మంచినీళ్ళు కూడా తాగలేదు. "ముసల్దానికి యాది సక్కగ లేదు. నువ్వు నిజంగ ఒచ్చినవనుకుంటుంది" అని పరమేశన్న నవ్వాడు. హమ్మయ్య అనిపించింది. ఆమె నమ్మింది. నమ్మినవాళ్ళకు తేడా ఏముంది?

నేను మాటేమీ ఇవ్వలేదు. తల ఊపాను, అంతే.

ఫిబ్రవరి 6

ఇవాళ యాదలక్ష్మి మా ఇంటికే వచ్చి నన్నే ఓటడిగింది! గేటు దగ్గర నిలబడి దండం పెట్టి, "వీడియోలల్ల మస్తు మంచిగ కనవడుతున్నవ్ పిల్లా. గట్ల తిరుగుడు నాకు గూడ జర నేర్పరాదు? సూడు, కాళ్ళెట్ల వాసినయో" అని పాదాలు చూపించింది. నిజంగానే వాచి ఉన్నాయి. ఎగతాళో మెచ్చుకోలో తెలియలేదు. కూర్చోమంటే కూర్చోలేదు, ఇంకా తొమ్మిది గల్లీలు ఉన్నాయట.

ఆమే గెలుస్తుంది. ఆమే గెలవాలి. నేను గెలిచేది లేదు.

ఫిబ్రవరి 9

తీసుకున్నారు!!!

తరుణ్ సార్ ఫోన్ చేశాడు. "ఆ డ్రైనేజీ షాట్ ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది పక్కపక్కన పెట్టావు కదా, మా సీనియర్లు రెండుసార్లు వేయించుకుని చూశారు. తుడిచిన చోటు ఎక్కడా దొరకలేదు. ఇరవై మూడున జాయిన్ కావాలి స్నిగ్ధా. ఆ రోజు రాకపోతే నీ చోటు తర్వాతి వాళ్ళకు వెళ్ళిపోతుంది, నేను కూడా ఏం చేయలేను."

అమ్మను పట్టుకుని గిరగిరా తిప్పాను. అమ్మ ఏడ్చింది. తర్వాత డాడీకి చెప్పాను. డాడీ ఎవరితోనో బూత్ ఏజెంట్ల సంగతి మాట్లాడుతున్నాడు, ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి "మంచిది బిడ్డా" అన్నాడు.

ఇరవై మూడు. ఇరవై మూడు. ఇరవై మూడు.

ఫిబ్రవరి 11

ఓటు వేశాను. ఎవరికి వేశానో ఇక్కడ కూడా రాయను.

ఫిబ్రవరి 13

గెలిచాను.

చివరి దాకా యాదలక్ష్మే ముందుందట. కుమ్మరి గల్లీ ఓట్లు లెక్కపెట్టాక తిరగబడింది. పరమేశన్న నా మెడలో దండ వేశాడు. డాడీ మెడలో పది దండలు.

ఫిబ్రవరి 16

ప్రమాణ స్వీకారం. "స్నిగ్ధ అను నేను" అని చదివాను. డాడీ నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. మున్సిపల్ ఆఫీసులో అందరూ నాకు నమస్తే పెట్టి డాడీతో మాట్లాడుతున్నారు. నా తల మీంచే మాటలు అటూ ఇటూ పోతున్నాయి. అక్కడ కూర్చునే ఉన్నాను కదా, ఉన్నట్టే కనిపిస్తున్నాను కదా.

శానిటేషన్ చూసే ఆయన దగ్గరికి నేనే వెళ్ళి కుమ్మరి గల్లీ మోరీ అన్నాను. ఊరికే, ఊరికే అడిగాను. ఆయన మర్యాదగా లేచి నిలబడి, "సార్‌తోని ఒకసారి మాట్లాడుండ్రి మేడం" అన్నాడు. సార్ అంటే ఆయన పైఅధికారి అనుకున్నాను. కాదు, డాడీ.

కారులో డాడీని అడిగాను.

"గా మోరీ ఎన్క పెద్ద కథ ఉన్నది బిడ్డా. కింద కాంప్లెక్స్ కట్టినోళ్ళు దాన్ని ముయ్యవట్టిరి. మనోళ్ళే. మెల్లగ సూద్దం" అన్నాడు.

"ఆ అవ్వకు మాటిచ్చినవ్ గదా?"

"నువ్విచ్చినవా?"

నేను ఆ రోజు తల ఊపాను. అంతే కదా చేసింది.

ఫిబ్రవరి 19

డాడీ మాట తప్పలేదు. "నువ్వు పో బిడ్డా, చదువుకున్న పని చేసుకో. మీటింగులున్నప్పుడు ఒచ్చి మొఖం సూపెట్టిపో, మిగతాది నేను సూసుకుంట" అన్నాడు. టేబుల్ మీద నా పేరు అచ్చేసిన లెటర్‌హెడ్లు పెట్టాడు. ఖాళీవి. కింద సంతకాలు పెడుతూ పోయాను. పెడుతుంటే అమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

డాడీ వెళ్ళాక అమ్మ నా బ్యాగులో బట్టలు సర్దుతూ, "నేను తప్పించుకున్న, నిన్ను ముందల వెట్టిన. ఇగ నువ్వన్న పో. ఎన్కకు సూడకు" అంది. అమ్మ మీద ఇన్నాళ్ళూ కోపం ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఆ కోపం పోలేదు గానీ అమ్మను గట్టిగా పట్టుకున్నాను.

ఫిబ్రవరి 22

ఇవాళ రెండింటి బస్సుకు వెళ్ళాలి. డాడీ దించొస్తానన్నాడు, పొద్దున్నే ఎవరో వచ్చారు, కుదరలేదు. నేను ఆటో ఎక్కాను. బస్టాండ్ వైపు తిరగబోతుంటే కుమ్మరి గల్లీకి పోనిమ్మన్నాను. నీడ సరిగ్గా వేశానో లేదో ఒకసారి కళ్ళతో చూడాలనిపించింది. అంతే. పని చేసిన చోటును చూడకుండా ఎలా పోతాం?

ఆటో గల్లీ మొదట్లోనే ఆగింది, ఆటోవాడు లోపలికి రానన్నాడు. ముందు వాసన వచ్చింది. రెండు రోజులు ఆ మోరీతో గడిపాను, దానికి వాసన ఉంటుందని ఒక్కసారీ తోచలేదు. కానీ మిగతావన్నీ తెలుసు. పగిలిన పలక ఎక్కడుందో తెలుసు. పాల కవర్లు తెలుసు. ఆ పిల్లల చెప్పు ఇంకా అక్కడే ఉంది.

బాలనర్సమ్మ గడప మీద కూర్చుంది, కాలు ఆడిస్తూ.

"బ్యాగు వట్టుకొని యాడికి బిడ్డా?"

"హైదరాబాద్ అవ్వా. నౌకరి వచ్చింది."

"మంచిగ. మస్తు మంచిగైంది." కట్టె ఎత్తి, కొనను నల్లనీళ్ళలో ఆనించింది. "గా దినం గీడనే గదా నువ్వు నిలవడ్డది?"

అక్కడే. పొడి ఎర్రమట్టి పరిచింది అక్కడే. ఇంక దాచలేకపోయాను.

"అవ్వా, నేను ఆ రోజు రాలేదు."

"ఎర్కనే."

"ఏం ఎరుక?"

"గడపల కూసున్నది నేనే గద బిడ్డా! పరమేశ్‌గాడు ఫోన్ వట్టి దండం వెట్టుమన్నడు, వెట్టిన. నాకు యాది లేదా, కండ్లు లేవా?"

నా మొహం కాలిపోయింది. "మరి ఓటెందుకేసినవ్?"

ఆమె నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "దండం వెట్టనీకి మస్తుమంది ఒచ్చిన్రు. మోరీ మీదికెళ్ళి దుంకి ఒచ్చిన్రు, దుంకి పోయిన్రు. ఒక్కలకన్న కనవడ్డదా? నువ్వు దాన్ని తీసేసినవంటె నీకు కనవడ్డట్టే గద. నీకొక్కదానికే కనవడ్డది. గందుకే ఏసిన."

నిజమే. ఈ ఊరిలో ఈ మోరీని నా అంత దగ్గరగా చూసినవాళ్ళు లేరు. అంగుళం అంగుళం చూశాను. తుడిచేయడానికి చూశాను.

బ్యాగు ఆమె గడప మీద పెట్టాను. వీడియోలో నా కాళ్ళు సరిగ్గా ఎక్కడ పడ్డాయో వెతికి అక్కడ దిగాను. చెప్పులు మునిగాయి, నీళ్ళు చల్లగా చీలమండల దాకా వచ్చాయి. చూసుకుంటే నా నీడ ఎడమ పక్కకే పడింది, నల్లనీళ్ళ మీద. సరిగ్గానే వేశాను.

"ఇగో, గిప్పుడొచ్చినవ్" అంది బాలనర్సమ్మ. తర్వాత గల్లీ అంతా వినబడేట్టు కేకేసింది: "ఓ పిల్లా, రాండ్రి! కౌన్సిలరొచ్చింది!"

తలుపులు తెరుచుకున్నాయి. ఒకావిడ పిండి చేతులతో వచ్చింది, ఒకాయన లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చాడు. వానాకాలం నీళ్ళు ఇళ్ళలోకి ఎక్కడిదాకా వస్తాయో గోడ మీద మరక చూపించారు. ఎవరి బిడ్డకు జ్వరం వచ్చిందో చెప్పారు. ఒకరి తర్వాత ఒకరు, అందరూ నా మొహంలోకి చూసి చెప్పారు. నా తల మీంచి ఎవరూ మాట్లాడలేదు. మధ్యలో బయటికొద్దామని అడుగు తీయబోతే చెప్పు బురదలో పట్టుకుంది, రాలేదు. ఒకామె వంగి చేత్తో లాగి ఇచ్చింది.

రెండు దాటిపోయింది. ఫర్లేదు, జాయినింగ్ రేపే కదా. పొద్దున మొదటి బస్సుంది.

ఫిబ్రవరి 23

మొదటి బస్సు వెళ్ళిపోయింది. తరుణ్ సార్ మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

నేను సంతకాలు పెట్టిన ఖాళీ కాగితాలు వెనక్కి ఇవ్వమని డాడీని అడిగాను. "ఏం కాగితాలు?" అన్నాడు.

చెప్పులు కడిగి మేడ మీద పెట్టాను. ఇంకా ఆరలేదు. ఆరగానే వెళ్తాను.